ఓడలో వచ్చిన జ్వరం: సమోవా దీవుల్లో ఏం జరిగింది?



వానాకాలం వచ్చిందంటే మా ఓపీ ముందు దగ్గు, జలుబు, జ్వరాలతో వచ్చేవారి వరుస పెరుగుతుంది. "ఇది మామూలు ఫ్లూనే కదండీ, నాలుగు రోజుల్లో అదే పోతుంది కదా?" అని చాలామంది అడుగుతుంటారు. చాలామటుకు ఆ మాట నిజమే. ఫ్లూ వచ్చిన పదిమందిలో ఎక్కువమంది వారం లోపు లేచి తిరుగుతారు. అయితే ఇదే ఫ్లూ ఒక కొత్త రూపంలో ఒక చిన్న దేశంలో అడుగుపెట్టి, రెండు నెలల్లో అక్కడి ప్రతి అయిదుగురిలో ఒకరిని తీసుకుపోయింది. ఆ దేశం పేరు సమోవా. ఆ సంగతిని ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాము. వందేళ్ళ క్రిందటి విషయమే అయినా, ఇంట్లో జ్వరం వచ్చినప్పుడు మనం చేయవలసిన పనులకు, చేయకూడని పనులకు దానితో దగ్గరి సంబంధం ఉంది.

సమోవా దీవులు పసిఫిక్ మహాసముద్రం మధ్యలో, న్యూజిలాండ్‌కు ఈశాన్యంగా, ఓడలో వారం ప్రయాణమంత దూరంలో ఉన్నాయి. చేపలు, కొబ్బరి, అరటి, చేమదుంపలతో బ్రతికే పల్లె జనం. గోడలు లేని, స్తంభాల మీద కప్పు వేసిన ఇళ్ళు. ఒక్కో ఇంట్లో తాతల నుండి పసిపిల్లల వరకు అందరూ ఒకేచోట పడుకుంటారు. 1918 నాటికి ఈ దీవులు రెండు ముక్కలుగా ఉండేవి. పడమటి సమోవాను 1914లో జర్మనీ నుండి న్యూజిలాండ్ సైన్యం స్వాధీనం చేసుకుంది. తూర్పు సమోవా 1900 నుండి అమెరికా నౌకాదళం పాలనలో ఉంది. రెండు వైపులా ఒకే జాతి, ఒకే భాష. పెళ్ళి సంబంధాలు కూడా అటూ ఇటూ కలిసే ఉండేవి. మధ్యలో సముద్రం అరవై, డెబ్భై కిలోమీటర్లు మాత్రమే. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

తలూన్ ఓడ

1918 అక్టోబరు చివరలో తలూన్ అనే ఓడ న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ రేవు నుండి బయలుదేరింది. అప్పటికే ఆక్లండ్‌లో తీవ్రమైన ఇన్‌ఫ్లూయెంజా వ్యాపిస్తోంది. దారిలో ఓడలో కొందరు జబ్బుపడ్డారు. మొదట ఫిజీ దీవుల్లో ఆగింది. అక్కడి అధికారులు ప్రయాణికులను ఊళ్ళోకి వెళ్ళనీయలేదు గానీ, సరుకు దించడానికి, ఎక్కించడానికి స్థానిక కూలీలను ఓడలోకి రానిచ్చారు. మనుషులను ఆపి జబ్బును ఆపలేకపోయారన్నమాట. ఆ సంవత్సరం ఫిజీలో ఇంచుమించు నూటికి అయిదుగురు చనిపోయారు. మన తెలుగువారికి ఇందులో ఒక సంబంధం ఉంది. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలికి ఫిజీ వెళ్ళినవారిలో తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ జ్వరం చెరకు తోటల కూలి లైన్లను కూడా విడిచిపెట్టలేదు.

నవంబరు 7న తలూన్ పడమటి సమోవా రాజధాని అపియాకు చేరింది. ఆక్లండ్‌లో జబ్బు ఉన్న సంగతి గానీ, ఫిజీలో ఓడను కట్టడిలో పెట్టిన సంగతి గానీ రేవులోని ఆరోగ్య అధికారికి సరిగా అందలేదు. ఓడకు అనుమతి దొరికింది. దగ్గుతున్నవారు, జ్వరంతో వణుకుతున్నవారు సహా ప్రయాణికులు దిగి, ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోయారు. ఎన్నాళ్ళకో ఇంటికి వచ్చినవారిని చూడటానికి బంధువులు చేరడం ఎక్కడైనా ఉన్నదే. వారం తిరిగేసరికి ఉపోలు దీవి అంతటా, తర్వాత సవాయి దీవిలోనూ జ్వరం పాకింది. తలూన్ మాత్రం అక్కడి నుండి టోంగా దీవులకు వెళ్ళి, అక్కడ కూడా ఇదే జబ్బును దించింది.

పడమటి సమోవా జనాభా అప్పట్లో 38 వేల వరకు ఉండేది. చనిపోయినవారు సుమారు 8,500 మంది. అంటే నూటికి ఇరవై ఇద్దరు. వారిలో ఎక్కువమంది నవంబరు, డిసెంబరు నెలల్లోనే పోయారు. శవపేటికలు చేసేవారు లేరు, గోతులు తవ్వేవారు లేరు. బండ్లలో శవాలను తెచ్చి సామూహిక సమాధుల్లో పెట్టారు. అపియా పక్కన వైమోసో గ్రామంలో అలాంటి సమాధి స్థలం, స్మారకం ఇప్పటికీ ఉన్నాయి. గ్రామ పెద్దలు, సంఘకాపరులు, ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో పోవడం వలన ఒక తరం నాయకత్వమే తుడిచిపెట్టుకుపోయింది. మామూలు ఫ్లూలో ముసలివారికి, పసివారికి ప్రమాదం ఎక్కువ. 1918 నాటి ఫ్లూ మాత్రం ఇరవై నుండి నలభై ఏళ్ళ వయసులో దృఢంగా ఉన్నవారిని ఎక్కువగా కొట్టింది. ఇంటికి కూడు తెచ్చే చేతులే పడిపోయాయి.

చంపింది జ్వరం ఒక్కటేనా?

వైద్యం చేసేవారిగా ఈ కథలో మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. ఫ్లూ వైరస్ ఊపిరితిత్తుల లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ గాయపడిన చోట మామూలుగా గొంతులో ఉండే బ్యాక్టీరియా దిగి న్యుమోనియా కలిగిస్తుంది. 1918లో ప్రపంచమంతటా ఎక్కువమంది చనిపోయింది ఈ న్యుమోనియా వల్లనే. అప్పటికి పెన్సిలిన్ లేదు, ఆక్సిజన్ సదుపాయం అంతంతమాత్రం. అసలు ఇది వైరస్ అన్న సంగతే తెలియదు. మనుషుల్లో ఫ్లూ కలిగించే వైరస్‌ను కనుగొన్నది 1933లో.

కానీ సమోవాలో మరొకటి జరిగింది. ఇంట్లో ఉన్నవారందరూ ఒకేసారి పడుకున్నారు. పక్కింటివారు కూడా పడుకున్నారు. ఊరంతా పడుకుంది. తోటకు వెళ్ళి దుంపలు తవ్వేవారు లేరు. పొయ్యి రాజేసేవారు లేరు. కుండెడు నీళ్ళు తెచ్చి నోట్లో పోసేవారు లేరు. నాలుగైదు రోజులు తీవ్రమైన జ్వరంలో నీళ్ళు లేక, తిండి లేక ఉన్న శరీరం న్యుమోనియాను ఎలా తట్టుకుంటుంది? తల్లి పోయిన పక్కనే పాలు లేక పసిబిడ్డ పోవడం వంటివి ఇలాగే జరుగుతాయి. మందు లేని ఆ రోజుల్లో కూడా వేళకు నీళ్ళు, గంజి ఇచ్చి, ఒళ్ళు తుడిచి చూసుకునే మనిషి ఉంటే బ్రతికే అవకాశం ఎక్కువగా ఉండేది. ఈ మాటను చరిత్ర పుస్తకాలకంటే మా నర్సులు బాగా చెప్పగలరు.

డిసెంబరు మొదట్లో ఆస్ట్రేలియా నుండి ఎన్‌కౌంటర్ అనే యుద్ధనౌక వైద్య బృందంతో, మందులతో అపియాకు వచ్చింది. మంచి సహాయమే, కానీ అప్పటికే దాదాపు నెల గడిచింది. అంతకంటే చాలా దగ్గరలో ఇంకొక సహాయం సిద్ధంగా ఉండేది.

నీళ్ళకు అవతల

తూర్పు సమోవాలో గవర్నరుగా ఉన్న జాన్ మార్టిన్ పోయర్ రేడియో వార్తల ద్వారా ఈ జబ్బు సంగతి తెలుసుకున్నాడు. నవంబరు 23 నుండి బయటి ఓడలకు కట్టడి విధించాడు. వచ్చిన ఓడలోని వారిని కొన్ని రోజులు దిగనీయకుండా ఉంచి, జబ్బు లేదని తేలాకే వదిలేవారు. పడమటి వైపు నుండి వచ్చే పడవలను తిప్పి పంపేవారు. అయితే ఒక గవర్నరు ఉత్తర్వు రాసినంత మాత్రాన సముద్రానికి తలుపు పడదు. రాత్రివేళ చిన్న పడవలో చుట్టాల ఊరికి వెళ్ళడం అక్కడివారికి చిన్నప్పటి నుండి అలవాటు. ఆ ఉత్తర్వును నిలబెట్టింది తీరం పొడవునా పహరా కాసిన గ్రామస్థులే. అవతల ఒడ్డున తమవారు చనిపోతున్నారని తెలిసి కూడా పడవ దించకుండా ఉండటం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఫలితం ఏమిటంటే, తూర్పు సమోవాలో ఆ ఇన్‌ఫ్లూయెంజాతో ఒక్కరు కూడా చనిపోలేదు.

పోయర్ పడమటి సమోవాకు వైద్య సహాయం పంపుతామని కబురు చేశాడు. అక్కడి పాలకుడు కల్నల్ రాబర్ట్ లోగన్ ఆ సహాయాన్ని తీసుకోలేదు. 1919లో న్యూజిలాండ్ ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. ఓడను అనుమతించడంలో, తర్వాత జనాన్ని చూసుకోవడంలో పాలనా యంత్రాంగం లోపాలు అందులో బయటపడ్డాయి. ఓడ వచ్చిన రోజున సమాచారం లేకపోవడాన్ని కొంతవరకు అర్థం చేసుకోవచ్చు. జనం పోతున్నప్పుడు పక్కవాడి సహాయం తీసుకోకపోవడాన్ని అర్థం చేసుకోవడం మాకు కష్టంగానే ఉంది. సమోవా ప్రజలు దీనిని మరువలేదు. 2002లో న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ అపియాకు వెళ్ళి, తమ పాలనా కాలంలో జరిగిన తప్పులకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. వాటిలో తలూన్ ఓడ సంగతి కూడా ఉంది.

ఆస్ట్రేలియా అనుభవం కూడా ఇలాంటిదే. 1918 అక్టోబరు నుండే ఓడలకు కట్టడి పెట్టడం వలన ఆ దేశంలోకి జబ్బు 1919 జనవరి వరకు వ్యాపించలేదు. అంత పెద్ద తీరం ఉన్న దేశం కాబట్టి చివరకు రాక తప్పలేదు గానీ, వచ్చేసరికి సిద్ధపడటానికి సమయం దొరికింది. మన దేశంలో 1918 వేసవిలో బొంబాయి రేవు ద్వారా ప్రవేశించి, రైలు మార్గాల వెంట ఊరూరా పాకి, కోటికి పైగా ప్రాణాలు తీసింది. వందేళ్ళు దాటిన కుటుంబాల్లో "ఆ జ్వరాల ఏడాది" అన్న మాట ఇప్పటికీ అక్కడక్కడ వినపడుతుంది.

ఫ్లూ ఎందుకు కొత్త రూపంలో వస్తుంది?

ఒకసారి వచ్చిన వైరస్ ముఖాన్ని మన శరీరంలోని రక్షణ కణాలు గుర్తుపెట్టుకుంటాయి. ఫ్లూ వైరస్ ప్రతి సంవత్సరం కొద్దిగా ముఖం మార్చుకుంటుంది. అందుకే మనకు మళ్ళీ మళ్ళీ వస్తుంది, కానీ పాత జ్ఞాపకం కొంత ఉండటం వలన చాలామంది తట్టుకుంటాము. ఎప్పుడో ఒకసారి పక్షుల్లోనో, పందుల్లోనో ఉండే ఫ్లూ వైరస్‌లతో కలిసి పూర్తిగా కొత్త ముఖంతో వస్తుంది. అప్పుడు దానిని గుర్తుపట్టే కణాలు దాదాపు ఎవరిలోనూ ఉండవు. దేశాలు దాటి అందరినీ ఒకేసారి పట్టుకుంటుంది. దీనినే మహమ్మారి అంటారు. 1918 తర్వాత 1957లో, 1968లో, 2009లో ఇలా వచ్చింది. ఓడలు అరుదుగా వచ్చే దీవుల్లో మామూలు ఫ్లూ కూడా తక్కువగా తగులుతుంది గనుక వారికి పాత జ్ఞాపకం ఇంకా తక్కువ.

ఇంకొక సంగతి. ఫ్లూ సోకిన ఒకటి నుండి నాలుగు రోజులకు లక్షణాలు కనపడతాయి. లక్షణాలు రావడానికి ఒక రోజు ముందు నుండే ఆ మనిషి ఇతరులకు అంటించగలడు. తర్వాత అయిదు నుండి ఏడు రోజుల వరకు అంటిస్తూనే ఉంటాడు. పిల్లలైతే ఇంకొన్ని రోజులు ఎక్కువ. ఓడను కొన్ని రోజులు ఆపి చూడటంలోని లెక్క ఇదే. విమానాల కాలంలో ఈ లెక్క కష్టమైంది. 2009 మేలో మన దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాదులోనే, అమెరికా నుండి విమానంలో వచ్చిన ప్రయాణికునిలో. వారం పట్టే ప్రయాణంలో జబ్బు ఓడలోనే బయటపడేది. ఒక్క రోజు ప్రయాణంలో అది బయటపడకముందే మనిషి ఇంటికి చేరుకుంటాడు. అప్పట్లో అనుమానితులను ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో ఉంచిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

సమోవా తర్వాత ఏం చేసిందో కూడా చెప్పాలి. 2019లో అక్కడ తట్టు వచ్చింది. అంతకు ముందు సంవత్సరం టీకా కలపడంలో నర్సులు చేసిన పొరపాటుతో ఇద్దరు పసిపిల్లలు చనిపోవడం వలన, తల్లిదండ్రులు భయపడి టీకాలు మానేశారు. రెండు లక్షల జనాభాలో 83 మంది చనిపోయారు, వారిలో అత్యధికులు అయిదేళ్ళ లోపు పిల్లలు. టీకా అందని ఇళ్ళు గుమ్మం ముందు ఎర్రటి గుడ్డ కట్టుకోవాలని ప్రభుత్వం చెప్పి, దేశమంతా పనులు ఆపి, ఇంటింటికీ వెళ్ళి టీకాలు వేయించింది. మూడు నెలలు తిరగకుండానే కరోనా వచ్చింది. ఈసారి 2020 మార్చిలోనే సరిహద్దులు మూసుకున్నారు. 2022 మార్చిలో ఊళ్ళలో వ్యాప్తి మొదలయ్యేసరికి పెద్దవారిలో ఎక్కువమందికి టీకాలు పడ్డాయి. మృతుల సంఖ్య వందకు చేరలేదు. 1918తో పోల్చి చూడండి.

మన ఇంట్లో జ్వరం వస్తే

మన ఇల్లు దీవి కాదు, ఓడలను ఆపే అధికారం మన చేతిలో లేదు. కానీ జ్వరం వచ్చిన మనిషి ఎక్కడ పడుకోవాలి, ఎవరు చూసుకోవాలి అన్నది మన చేతిలోనే ఉంది. జ్వరం, పొడి దగ్గు, గొంతు నొప్పి, ఒళ్ళంతా విరిచినట్టు నొప్పులు ఒక్కసారిగా మొదలైతే అది ఫ్లూ కావచ్చు. ఆ మనిషికి గాలి వచ్చే గదిలో, లేదా వరండాలో విడిగా పడక వేయండి. కిటికీలు మూయకండి. చలిగాలి తగులుతుందని గది బిగించి, నలుగురూ రోగి చుట్టూ కూర్చోవడమే ఎక్కువ హాని. చూసుకోవడానికి ఒక్కరే వెళ్ళాలి. ఆ ఒక్కరు గర్భిణి గానీ, ముసలివారు గానీ, ఆయాసం, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు గానీ కాకూడదు. మాస్కు పెట్టుకుని, బయటకు వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు.

మందు వేయకుండానే జ్వరం తగ్గి ఒక రోజు గడిచేవరకు పనికి, బడికి, ఆరాధనకు వెళ్ళకుండా ఉండటం మంచిది. "ఆదివారం మానితే ఏమనుకుంటారో" అని దగ్గుతూ వచ్చి వెనుక బల్లలో కూర్చునేవారు ఉన్నారు. ఎవరూ ఏమీ అనుకోరు. పరామర్శకు వెళ్ళేవారు గుమ్మం దగ్గర నుండే పలకరించి రావచ్చు.

నీళ్ళ విషయం గట్టిగా చెప్పాలి. జ్వరంలో దాహం వేయకపోయినా గంటకొకసారి కొద్దికొద్దిగా పట్టించండి. కాచి చల్లార్చిన నీళ్ళు, గంజి, రాగి జావ, పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, ఓఆర్‌ఎస్ ఏదైనా సరే. "జ్వరంలో పథ్యం" అని లంఖణాలు చేయించకండి. ఇడ్లీ, మెత్తటి అన్నం, చారు, ఉడికించిన గుడ్డు పెట్టవచ్చు. చంటిబిడ్డకు తల్లిపాలు ఎట్టి పరిస్థితిలోనూ ఆపవద్దు. తల్లికే ఫ్లూ వచ్చినా మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వాలి. మూత్రం ముదురు రంగులో కొద్దిగా వస్తుంటే నీళ్ళు చాలలేదని అర్థం.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు, ఫ్లూలో అది మెదడుకు, కాలేయానికి ప్రమాదం తెస్తుంది. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ రెండు పూటలు వేసుకోవడం చాలా ఊళ్ళలో అలవాటైపోయింది. అది వైరస్‌ను ఏమీ చేయదు. న్యుమోనియా దిగినప్పుడు ఇవ్వవలసిన మందు అది, ఎప్పుడు ఇవ్వాలో పరీక్ష చేసి మేము చెబుతాము. ఫ్లూకు ఓసెల్టామివిర్ అనే మందు ఉంది గానీ, మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ గుణం. గర్భిణులు, చిన్నపిల్లలు, అరవై దాటినవారు, దీర్ఘకాల జబ్బులున్నవారు అందుకే ఆలస్యం చేయకుండా రావాలి.

ఎవరైనా సరే ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలంగా మారడం, పొంతన లేని మాటలు కనపడితే వెంటనే తీసుకురండి. పిల్లల్లో ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు లోపలికి పోవడం, పాలు తాగకపోవడం, ఫిట్స్ ప్రమాద సూచనలు. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే వాడండి, 94 కంటే తగ్గితే ఆగవద్దు. అన్నిటికంటే మోసగించేది మరొకటి ఉంది. జ్వరం తగ్గి, లేచి తిరిగి, రెండు మూడు రోజులకు మళ్ళీ తీవ్రంగా జ్వరం, కఫంతో దగ్గు మొదలవడం. 1918లో ప్రాణాలు తీసిన న్యుమోనియా చాలాసార్లు ఇలాగే వచ్చేది. ఈ రోజు దానికి వైద్యం ఉంది, కానీ రోగి మా దగ్గరకు రావాలి.

ఇంట్లో అందరూ ఒకేసారి పడుకుంటే మొహమాటపడకుండా పక్కింటివారికో, సంఘ పెద్దలకో కబురు చేయండి. రెండు పూటల అన్నం, బిందెడు నీళ్ళు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళడానికి లోపలికి రానక్కరలేదు. ఒంటరిగా ఉండే ముసలివారి ఇంటి తలుపు రోజుకొకసారి తట్టి, బదులు వచ్చేదాకా నిలబడండి.

ఫ్లూ టీకా ప్రతి సంవత్సరం వేయించుకోవలసినది, వైరస్ మారినట్టే టీకా కూడా మారుతుంది. ఆరు నెలలు నిండిన పిల్లల నుండి వేయవచ్చు. గర్భిణులు ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు, దాని రక్షణ పుట్టిన బిడ్డకు కూడా మొదటి నెలల్లో అందుతుంది. టీకా వేశాక రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుంది గనుక వానలు ముదరక ముందే, మే, జూన్ నెలల్లో రావడం మంచిది. ఆ రోజు ఒంట్లో జ్వరం ఉంటే మాత్రం తగ్గిన తర్వాతే రండి.